మొదటి పదును ఎవరిది

మొన్న బస్టాండు పక్కన టీ తాగుతుంటే, మెడలో కంపెనీ బిళ్ల వేలాడేసుకున్న ఒకాయన నా పక్కన కూర్చుని దేశం బాగుచేయడం మొదలుపెట్టాడు. "మనకొక గట్టి చెయ్యి కావాల తాతా. చెప్పేటోడు ఒక్కడుండాల, అడిగేటోడు ఎవుడూ ఉండకూడదు. అప్పుడు చూడు ఎట్ల మారతాదో" అన్నాడు. తాతా అని పిలిచాడు కాబట్టి తిట్టే హక్కు నాకుంది. తిట్టలేదు. నోటిదాకా వచ్చిన మాటను టీతోపాటు మింగి, ఇంటికొచ్చి ఈ కాగితాలు ముందేసుకున్నాను. గట్టి చెయ్యి ఎట్లా ఉంటుందో నాకంటే మా ఐదెకరాల చేనుకు బాగా తెలుసు.

నేను బడికి పోయింది మూడు నెలలు. అక్షరాలు నేర్చుకున్నది ఉరవకొండ సంతలో బెల్లం చుట్టి ఇచ్చే పత్రిక ముక్కల మీద. వార్తలో సగమే ఉండేది. మిగతా సగం నేనే కల్పించుకునేవాణ్ని. తర్వాత గ్రంథాలయం దారి తెలిసింది. 'నియంత' అనే మాట మొదటిసారి అక్కడే చదివాను. ఐరోపాలో ఎక్కడో ఒకాయన ఆకలితో ఉన్న జనానికి ముందు రొట్టె చూపించి, తర్వాత బూటు చూపించాడట. పుస్తకం మూసేశాను. దేశం వేరే, భాష వేరే, మీసం వేరే. మనిషి మాత్రం మా ఊళ్లో ఉన్నాడు.

ఆయన్ని ఊరంతా పెద్దాయన అనేది. వయసులో పెద్దేమీ కాదు, మా అమ్మకంటే రెండేళ్లు చిన్న.

ఆయన ఎట్లా పెద్దాయన అయ్యాడో చెప్పాలంటే మా నేల సంగతి ముందు చెప్పాలి. మాది ఎర్రనేల. నీళ్లను పట్టి ఉంచుకునే గుణం దానికి లేదు. ఆరుద్ర కార్తెలోనో పునర్వసులోనో ఒక మంచి వాన పడితే, నేలలో విత్తనం మొలవడానికి చాలినంత తడి మూడు రోజులుంటుంది. దాన్నే పదును అంటాం. ఆ మూడు రోజుల్లో వేరుశనగ విత్తుకున్నవాడు రైతు. నాలుగో రోజు విత్తినవాడు జూదగాడు. ఆ తర్వాత విత్తినవాడు బెంగుళూరు బస్సు ఎక్కవలసిందే, మట్టి తట్టలు మోయడానికి.

డెబ్బైల మొదట్లో పెద్ద కరువొచ్చింది. పశువులకు చెట్టు బెరడు కూడా మిగల్లేదు. అప్పుడు ఆయన తన పెరట్లో ఉన్న పెద్ద గడ్డివామిని విప్పించాడు. ఇంటింటికీ గడ్డి మోపులు పంపించాడు. బదులుగా ఏమీ అడగలేదు. నేను ఎంత కోపంగా రాస్తున్నా ఈ మాట దాచను: ఆ గడ్డి లేకపోతే మా కాడెద్దులు బతికేవి కావు.

మరుసటి ఏడు వాన పడ్డప్పుడు ఊరి పెద్దలు రచ్చకట్ట దగ్గర కూర్చున్నారు. మా నాయన లేచి నిలబడ్డాడు. "ఆయప్ప మన ఎద్దుల్ని బతికించినాడు. ఈసారి మొదటి పదును ఆయప్ప చేనికే. మన గొర్లన్నీ పొద్దున్నే ఆడికే పోవాల. ఆ తర్వాతనే మనవి" అన్నాడు. గొర్రు అంటే విత్తనం వేసే పనిముట్టు, ఎద్దులు లాగుతాయి. అందరూ సరేనన్నారు. కొందరు చప్పట్లు కొట్టారు. ఆయన చేతులు జోడించి "వద్దప్పా, ఎందుకప్పా" అని రెండుసార్లు అన్నాడు కూడా. మూడోసారి అనలేదు.

మా వాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు అది. డబ్బుతో తీరే రుణమైతే తీర్చేవాళ్లు, మరిచిపోయేవాళ్లు. పదునుతో తీర్చారు. పదును ఏటేటా వస్తుంది.

మొదటి ఏడు పూటలో అయిపోయింది, ఆయన పొలం ముప్పై ఎకరాలే. రెండో ఏడు ఎవరూ పిలవకుండానే తలారి తప్పెట కొట్టుకుంటూ వీధుల్లోకి వచ్చాడు: "రేపు పొద్దున గొర్లన్నీ పెద్దాయన చేనికహో!" నిరుడు మనమే కదా పెట్టుకున్నాం అనుకున్నారు. మూడో ఏడు, పోనివాడికి తప్పు కింద జరిమానా వేశారు. నాలుగో ఏడు, తన చేను ముందు విత్తుకున్న ఒకాయన గొర్రును నడివీధిలో గొడ్డలితో నరికారు. ఆ ఇంటికి బావి నీళ్లు కూడా లేవన్నారు. కృతజ్ఞత మర్యాదైంది, మర్యాద కట్టుబాటైంది, కట్టుబాటు గొడ్డలైంది. నాలుగేళ్లు పట్టింది, అంతే. మేమందరం అక్కడే ఉన్నాం. ఫలానా రోజు మారింది అని వేలుపెట్టి చూపించమంటే ఇప్పటికీ చూపించలేను.

ఇంకొకటి జరిగింది, అది గ్రంథాలయంలో ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు. పదును తప్పిపోయినవాళ్లు ఊరు వదిలి పోయేవాళ్లు. పోతూ పోతూ చేను ఆయనకే గుత్తకిచ్చేవాళ్లు. ఆయన పొలం పెరిగేది. పొలం పెరిగితే మా గొర్లు అక్కడ ఇంకో పూట ఎక్కువ తిరగాలి. అప్పుడు ఇంకో నలుగురికి పదును తప్పేది. ముప్పై ఎకరాలు అరవై అయినాయి, అరవై నూరు దాటినాయి. పూట పని రెండు రోజులైంది. మమ్మల్ని కొట్టనక్కర్లేదు, జైల్లో పెట్టనక్కర్లేదు. మా మూడు రోజుల్లో రెండు రోజులు ఆయన దగ్గర ఉంటే చాలు.

ఆ మధ్యలోనే ఢిల్లీలో అత్యవసర పరిస్థితి పెట్టారు. పత్రికల్లో కొన్ని చోట్ల ఖాళీలు కనిపించాయి. నాకు సగం వార్తలు చదవడం అలవాటే కాబట్టి తేడా వెంటనే తెలియలేదు. తెలిసింది జీపు వచ్చినప్పుడు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు ఊరికింతమంది కావాలన్నారు. పెద్దాయన అరుగు మీద కూర్చుని పేర్లు చెప్పాడు. మా పక్కింటాయనకు ఒక్కతే ఆడబిడ్డ. ఆయన పేరు కూడా చెప్పాడు, ఎందుకంటే అంతకుముందు నెల ఎదురు మాట్లాడాడు. ఒక మనిషికి ఇక బిడ్డలుండాలా వద్దా అన్నది అరుగు మీద, వక్కాకు నములుతూ తేలిపోయింది. ఆ జీపు ఎక్కేటప్పుడు మా పక్కింటాయన చూసిన చూపు నేను మరిచిపోలేదు. నన్ను మరిచిపొమ్మనేవాడు ఈ కాగితం ఇక్కడే మడిచేయవచ్చు.

తర్వాత ఎన్నికలొచ్చాయి, ఢిల్లీలో ప్రభుత్వం మారింది. ఉరవకొండలో మిఠాయి పంచారు, నేనూ తిన్నాను. ఇంటికి తిరిగొచ్చేసరికి మా వీధిలో తలారి తప్పెటను మంట దగ్గర కాచి బిగిస్తున్నాడు.

ఇక ఎనభైల మొదట్లో ఆ సంవత్సరం. అంతకుముందు రెండేళ్లు మాకు పదును అందలేదు. ఒక ఏడు గడ్డి వచ్చింది, ఒక ఏడు అదీ లేదు. విత్తనానికని అమ్మ దాచిన కాయలు రెండు మూటలే మిగిలాయి. "ఈసారి కూడా తప్పితే ఎద్దులమ్మేస్తాం, బెంగుళూరికి పోదాం" అని నాయన చెప్పేశాడు. ఎద్దుల బేరగాడు వచ్చి పండ్లు చూసి, తోక లాగి పోయాడు కూడా. అంటే ఆ ఒక్క వానతో మా చేను ఉంటుందో పోతుందో తేలిపోవాలి.

ఆకాశం కమ్ముకోగానే అమ్మ రెండు మూటలూ ఒలిచేసింది. ఒలిచిన గింజ ఎక్కువ రోజులు ఆగదు, చచ్చిపోతుంది. "వాన పడకముందే ఒలిస్తివే!" అని నాయన అరిచాడు.

"పడతాది."

"పడినా మొదట మనకు కాదు గదా!"

"నీ నోట్లోనించి వచ్చిన మాటే గదా అది. నువ్వే దాన్ని మళ్లీ నోట్లోకి తీసుకో" అంది అమ్మ.

నాయనకు మాట అంటే ప్రాణం. రచ్చకట్ట దగ్గర లేచి చెప్పింది తనే కాబట్టి, గొడ్డలికి భయపడేవాళ్లందరికంటే ముందు తన గొర్రే పెద్దాయన చేనులో ఉండేది. భయంతో పోయేవాళ్లను నేను క్షమించగలిగేవాణ్ని. మర్యాదతో పోయే మా నాయనను మాత్రం చూడలేకపోయేవాణ్ని.

మధ్యాహ్నం దాటాక వాన పడింది. సందెపొద్దుకు తప్పెట మోగింది. తలారి మా గుమ్మం ముందుకొచ్చి కేక వేయబోతే అమ్మ చాట పట్టుకుని ఎదురొచ్చింది. "ఏమప్పా, నీకూ రెండెకరాలుండాది గదా. దానికి ఎప్పుడు కొడతావు తప్పెట?" అంది. ఆయన చేతిలో కర్ర ఆగిపోయింది. "ఎందుకక్కా ఆ మాటలు" అని, కేక వేయకుండానే పక్క వీధికి పోయాడు.

పొద్దున్నే మగవాళ్లందరం గొర్లు కట్టుకుని పోయాం. పద్దెనిమిది కాడ్ల ఎద్దులు వరసగా పెద్దాయన చేనులో నిలబడ్డాయి. నేల చల్లగా, మెత్తగా, వాసన కొడుతూ ఉంది. అంత మంచి పదును చూస్తే ఏ రైతుకైనా కడుపు నిండాలి. నాకు కడుపు మండింది.

ఎద్దుల్ని తోలేది మగవాడైనా, విత్తనం పోసేది ఆడవాళ్లు. గొర్రు మీద చెక్క గిన్నె ఉంటుంది. దాన్నించి వెదురు గొట్టాలు నేలలోకి దిగుతాయి. గొర్రు వెంట నడుస్తూ పిడికిట్లోంచి ఒక్కో గింజా ఒకే ఎడంతో జారవిడవాలి. ఆ చెయ్యి అందరికీ రాదు. అందుకే ఆ పని చేసే ఆడమనిషికి మా వైపు ఒక మర్యాద ఉంది: తాంబూలం ఇచ్చి పిలుస్తారు, ఆ పూట ఆమెను ఎవరూ పల్లెత్తు మాట అనరు. ఎందుకంటే ఏడ్చే చేత్తో పోసిన విత్తనం మొలవదని నమ్మకం. పెద్దాయన కూడా నమ్ముతాడు. ఆయన తల్లి ఇంకా గట్టిగా నమ్ముతుంది. తొలి సాలుకు టెంకాయ కొట్టడానికి ఆ ముసలమ్మ ప్రతి ఏడూ బండి కట్టించుకుని చేనికి వచ్చేది.

ఆ రోజు ఆడవాళ్లు ఆలస్యంగా వచ్చారు. వచ్చి, గట్టు మీద వరసగా కూర్చున్నారు. తెల్లవారుతూనే బావి దగ్గర ఏం మాట్లాడుకున్నారో మా మగవాళ్లెవరికీ తెలియదు. పెద్దాయన తాంబూలం తట్ట పట్టించుకుని వచ్చాడు. వరసలో మొదట మా అమ్మ.

అమ్మ చెయ్యి చాపలేదు. కొంగు కళ్లకు ఒత్తుకుంది.

"ఏమైందమ్మా? ఎవురన్నా ఏమన్నా అనినారా?" అన్నాడు ఆయన.

"ఎవురూ ఏమనలేదు సామీ. మా చేను గుర్తుకొచ్చె. ఏడుపొస్తాంది."

పక్కనున్నామె కూడా కొంగు ఎత్తింది. "నాగ్గూడా వస్తాంది సామీ."

"మా పిల్లోళ్లు బెంగుళూరులో ఇసక మోస్తాండారు, అది గుర్తుకొచ్చె నాకు."

తర్వాత గట్టు పొడుగునా ఏడుపే. అందులో కొంత నిజం, కొంత నాటకం. మా చిన్నమ్మ ఒకామె కొంగు చాటున నవ్వుతోందని నేను ప్రమాణం చేసి చెప్పగలను. మా పక్కింటామె మాత్రం నిజంగానే ఏడ్చింది. జీపు ఎక్కినాయన భార్య ఆమె. ఆమె ఏడుపు మొదలైనాక నాటకం ఆడేవాళ్లకు కూడా నిజంగా కళ్లు తడిసినాయి.

"ఏడుపు ఆపండి!" అని పెద్దాయన గద్దించాడు.

"చూడు సామీ, గద్దిస్తివి. ఇంగా ఎక్కువొస్తాంది" అంది అమ్మ. "మేం రామనలే. వచ్చినాం. పోయమంటే ఏడ్చుకుంటానే పోస్తాం. పోయమంటావా?"

ఆయన నోరు తెరిచే లోపల బండిలోంచి ముసలమ్మ కేక వినబడింది: "వద్దురా! ఏడ్చే చేత్తో నా చేన్లో ఒక్క గింజ పడగూడదు! వాళ్లకేం కావాల్నో అడుగు ముందు!"

ఊరందరినీ నోరెత్తకుండా చేసినవాడు తల్లి నోరు మూయించలేకపోయాడు. కానీ అడగను కూడా అడగలేదు. అంతమంది ముందు అడగడం అలవాటు తప్పిపోయింది పాపం. మా నాయన వైపు తిరిగాడు. "నువ్వు పొయ్యప్పా విత్తనం. మొదట్నించీ నువ్వే గదా మాట నిలబెట్టినోడివి."

నాయన పిడికెడు గింజలు తీసుకున్నాడు. ఎద్దులు పది అడుగులు నడిచాయి. నాయన వేళ్లలోంచి గింజలు ఒకచోట అరడజను, ఒకచోట ఒక్కటీ లేకుండా పడ్డాయి. గట్టు మీద ఎవరో కిసుక్కుమన్నారు. నాయన ఆగాడు. మిగిలిన గింజల్ని జాగ్రత్తగా, ఒక్కటి కూడా కింద పడకుండా, పెద్దాయన మూటలోనే పోశాడు.

"సామీ" అన్నాడు, "ఆ పొద్దు రచ్చకట్ట కాడ మాట ఇచ్చింది నేను. 'ఈసారి' అన్నా. ఒక్కసారికి అన్నా. పదేండ్లు ఇచ్చినాం. గడ్డి రుణం తీరిపాయె. నా మాట నేను తీసుకుంటాండా."

గొంతు పెద్దదేమీ చేయలేదు. ఎద్దుల్ని తిప్పాడు.

పెద్దాయన వెంట ఎప్పుడూ నలుగురు కర్రల మనుషులు ఉంటారు. నాయనను ఆపడానికి వాళ్లు ముందుకు వచ్చారు. "రేయ్, మీ అమ్మ యాడ కూర్చోనుందో చూసుకోని రా" అంది గట్టు మీంచి ఒకామె. వాళ్ల తల్లులూ, పెళ్లాలూ కూడా ఆ వరసలోనే ఉన్నారు. వాళ్ల చేలకు కూడా పదును తప్పుతూనే ఉంది, కర్ర పట్టుకున్నంత మాత్రాన నేల తడి ఆగదు కదా. ఒకడు కర్ర కిందికి దించాడు. మిగతావాళ్లు వాణ్ని చూశారు. నాయన వెనక రెండో కాడి తిరిగింది. తర్వాత ఒకేసారి ఐదారు. నేను తోలుతున్నది మా చిన్నాయన కాడి. నేను పగ్గం లాగగానే ఎద్దులు చక్కగా తిరిగాయి.

చేను దాటగానే ఇంకో చిక్కు. ఇప్పుడు ఎవరిది ముందు? అప్పుడే రెండు గొంతులు లేచాయి. ఒకరిని దించి ఇంకొకరిని ఎక్కించుకోవడం ఎంత సులభమో ఆ నిమిషంలో నాకు తెలిసింది. తలారి గట్టిగా అన్నాడు, "మా తాత కాలంలో ఏ చేను ముందు ఆరితే అది ముందన్నా. మిట్టచేలు పొద్దుకే ఆరతాయి. పల్లపు చేలు ఆగతాయి." అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అంత చిన్న సంగతి. ఇంకో మాట కూడా ఆయనే అన్నాడు: "గుత్త చేలు వాటి వంతుకొస్తాయి, పెద్దాయన సొంత చేను మాత్రం వంక పక్కది, వాగు తడి ఉంటాది. అది నాలుగో నాటికి గాని ఆరదు."

నాకు అప్పుడొచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా దిగలేదు. ఊళ్లో అన్నిటికంటే చివర ఆరే చేను, పదేళ్లపాటు అన్నిటికంటే ముందు విత్తించుకుంది. ఆయనకు ఆ పదును అవసరం కూడా లేదు. మేం ఆగి చూస్తుండడమే ఆయనకు కావలసింది.

మాది మిట్టచేను, మొదటి నాలుగింటిలో వచ్చింది. ఆరు గొర్లు ఒకేసారి దిగాయి. అమ్మ కొంగు బిగించి విత్తనం పోసింది. కళ్లు ఎర్రగానే ఉన్నాయి. "ఏమ్మా, ఏడుపు తగ్గిందా?" అన్నాను. "నోరు మూసుకోని ఎద్దుల్ని చూడు, సాలు తప్పుతాది" అంది. పొద్దు నడినెత్తికి రాకముందే మా రెండు మూటలూ నేలలో ఉన్నాయి. నాయన గట్టు మీద కూర్చుని ఖాళీ గోనెసంచి మడతలు పెట్టాడు, విప్పాడు, మళ్లీ మడతలు పెట్టాడు.

మూడు రోజులు ఎవరం ఒంటరిగా తిరగలేదు. గొడ్డలి ఎప్పుడు వస్తుందోనని చూశాం, రాలేదు. ఊరంతటి గొర్లు నరకాలంటే నరికేవాళ్లూ ఊరంత ఉండాలి.

నాలుగో నాడు పొద్దున ఆయన వంతు. "పోదామా, వద్దా?" అని కొందరన్నారు. జీపు ఎక్కిన మా పక్కింటాయన అందరికంటే ముందు ఎద్దులు కట్టాడు. "వంతంటే వంతే. మనం తప్పిస్తే మళ్లీ మొదటికొస్తాది" అన్నాడు. అంతకంటే గొప్ప మాట నేను ఏ గ్రంథాలయంలోనూ చదవలేదు.

పోయాం. ముసలమ్మ స్వయంగా తాంబూలం పంచింది. అమ్మ తీసుకుని కళ్లకద్దుకుంది. పెద్దాయన గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఒక కాడికి మనిషి తక్కువ వచ్చాడు. తలారి అటూ ఇటూ చూసి, "అన్నా, నువ్వొచ్చి పట్టు" అన్నాడు. పదేళ్లుగా ఆయన్ని అట్లా ఎవరూ పిలవలేదు. ఆయన చెప్పులు విడిచి చేనులోకి దిగాడు, పగ్గాలు అందుకున్నాడు. ఎన్నేళ్లైందో ఏమో, ఎద్దులు ఆయన మాట వినలేదు. సాలు పాములాగా వంకర తిరిగింది.

"నేరుగా తోలు సామీ, గింజ పక్కకు పోతాంది!" అని వెనక నించి మా అమ్మ కేకేసింది.

"తోలుతాండా గదక్కా" అన్నాడాయన.

ఎనిమిదో రోజు మొలకలు లేచాయి. వంక పక్క చేనులో నేరుగా ఉన్న సాళ్ల మధ్య ఆ వంకర సాలు ఊరందరికీ కనిపించింది. అదీ మిగతావాటితో సమంగానే మొలిచింది.